ఆఖరి రెండు తూటాలు

నేను ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో తుపాకులు బాగుచేశాను. ఆ ఉద్యోగాన్ని ఆర్మరర్ అంటారు. రిటైరయ్యాక ఆర్మూర్‌లో మార్కెట్ యార్డు దారిలో ఉన్న ఒక లైసెన్సు తుపాకుల దుకాణంలో మెకానిక్‌గా కుదిరాను. బ్యాంకు గార్డుల తుపాకులు, అడవిపందులను కొట్టడానికి అనుమతి ఉన్న రైతుల తుపాకులు నా బల్ల మీదికి వచ్చేవి. ఏది ఎందుకు పనిచేయడం లేదో నేను చెబితే అదే ఆఖరి మాట. దుకాణం యజమాని కూడా నన్ను అడగకుండా గిరాకీకి జవాబు చెప్పేవాడు కాదు.

ఆమె శ్రావణమాసంలో వచ్చింది. బాల్కొండ దగ్గరి ఒక ఊళ్లో పసుపు, మక్కజొన్న వేసే రైతు. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయి నాలుగేళ్లయింది. ఆయన పేరు మీదున్న రైఫిల్ లైసెన్సును ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి తన పేరు మీదికి మార్పించుకుంది. పసుపు సాళ్ల మధ్య వేసిన మక్క కంకి పట్టే రోజుల్లో పందులు మందగా దిగి, కంకులు తిన్నంత తిని, కింద పసుపును కూడా తవ్విపోసేవట. అటవీ శాఖ వాళ్ల అనుమతి తీసుకొని ఆమే మంచె ఎక్కడం మొదలుపెట్టింది. ఆ చుట్టుపక్కల తుపాకి పట్టిన ఆడమనిషి ఆమె ఒక్కతే.

పాత నూలు చీరలో చుట్టిన రైఫిల్‌ను కౌంటర్ మీద పెట్టి ముడి విప్పింది. చూడగానే గుర్తుపట్టాను. ఆమె మామ కాలంలో కొన్న లివర్ రైఫిల్ అది. ట్రిగ్గర్ చుట్టూ ఉంగరంలా ఉండే ఇనుప లివర్‌ను కిందికి తోసి మళ్లీ పైకి లాగితే కాలిన తూటా బయటికి ఎగిరిపడి, కొత్తది లోపలికి పోతుంది. తూటాలు బ్యారెల్ కింద ఒక సన్నని గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకొని ఉంటాయి. గొట్టంలో ఉన్న పొడవాటి స్ప్రింగు వాటిని వెనక్కి నెడుతూ ఉంటుంది. అలా వచ్చిన తూటాను లిఫ్టర్ అనే చిన్న పలక పైకెత్తి బ్యారెల్‌కు అందిస్తుంది. ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చినా తూటా మధ్యలో ఇరుక్కుంటుంది.

ఆమె చెప్పింది కూడా అదే. ఇరుక్కుంటోందని. ఊరికే ఇరుక్కుంటోందని చెప్పి ఊరుకోలేదు, ఎప్పుడు ఇరుక్కుంటోందో కూడా గమనించి పెట్టుకొని వచ్చింది.

"సార్, ఐదు నింపితే మూడు మంచిగనే వస్తున్నయ్. ఆఖరి రెండే ఇర్కుతున్నయ్. గది కూడ మంచె మీదికెళ్లి కిందికి వట్టుకున్నప్పుడే ఎక్కువ," అంది.

ముప్పై ఏళ్ల పనిలో ఇంత సూటిగా తుపాకి జబ్బు చెప్పినవాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను. కానిస్టేబుళ్లు సైతం 'నడుస్తలేదు సార్' అని బల్ల మీద పడేసి పోయేవాళ్లు. ఆమె మాటల్లోనే జవాబు ఉంది. గొట్టం నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగు బాగా నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి గట్టిగానే నెడుతుంది. తూటాలు తగ్గేకొద్దీ అది సాగిపోయి బలం తగ్గుతుంది. ఆఖరి రెండే ఆగిపోతున్నాయంటే స్ప్రింగు పొట్టిదైనా అయి ఉండాలి, మెత్తబడైనా ఉండాలి. ఏ కొత్త మెకానిక్‌ను అడిగినా చెబుతాడు.

నాకు తట్టలేదని చెబితే అబద్ధమవుతుంది. తట్టింది. దాంతోపాటు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది.

ఐదేళ్ల కింద ఆమె భర్త ఇదే రైఫిల్ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. గల్ఫ్‌లో పనిచేసేటప్పుడు ఆయన బొటనవేలు యంత్రంలో పడి నలిగిందట. తూటాలను గొట్టంలోకి ఆ వేలితోనే తోయాలి. స్ప్రింగు బిగువుకు వేలు మస్తు నొస్తున్నదని, జర వదులు చేయమని అడిగాడు. సరైన పద్ధతి అయితే తక్కువ బిగువు ఉన్న కొత్త స్ప్రింగు తెప్పించాలి. దానికి నెల పడుతుంది. నేను గొట్టం మూత విప్పి, స్ప్రింగు బయటికి లాగి, కటింగ్ ప్లయర్‌తో ఏడెనిమిది చుట్లు కత్తిరించి మళ్లీ పెట్టేశాను. పావుగంట పని. తూటాలు వెన్నలోకి పోయినట్టు పోతున్నాయని ఆయన సంతోషపడి వెళ్లాడు. అవి చివరిదాకా బయటికి వస్తున్నాయో లేదో నేను చూడలేదు. ఆయన దాన్ని మళ్లీ పొలానికి పట్టుకెళ్లాడో లేదో తెలియదు. మరుసటి ఎండాకాలంలోనే గుండెపోటుతో పోయాడు.

ఆమె కౌంటర్ ముందు నిలబడి చెబుతుంటే ఇదంతా నాకు ఒక్క నిమిషంలో గుర్తుకొచ్చింది. అప్పుడే 'అమ్మా, ఇది నా పనే కావచ్చు, ఉంచి పొండి, విప్పి చూస్త' అంటే సరిపోయేది. కానీ పక్కన యజమాని కూర్చుని ఉన్నాడు. బెంచీ మీద ఒక బ్యాంకు గార్డు, ఆయనతో వచ్చిన పసుపు వ్యాపారి ఒకాయన చాయ్ తాగుతూ మా మాటలే వింటున్నారు. వాళ్ల ముందు నేను కత్తిరించిన స్ప్రింగు బయటికి తీయడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమో అని చాలాసార్లు వెతికాను. లేదు.

ఐదు డమ్మీ తూటాలు తీసుకొని గొట్టంలో నింపాను. దుకాణంలో ఏ తుపాకినైనా మనుషుల వైపు కాకుండా బ్యారెల్‌ను పైకప్పు వైపు పట్టుకోవడం నాకు అలవాటు. అలాగే పట్టుకొని టకటకా లివర్ ఆడించాను. ఐదూ వచ్చి బల్ల మీద పడ్డాయి. ఒక్కటి కూడా ఆగలేదు.

ఎందుకు ఆగుతుంది? బ్యారెల్ పైకి ఉంటే గొట్టం కూడా పైకే ఉంటుంది. తూటాలు తమ బరువుకే కిందికి జారి వస్తాయి. స్ప్రింగు లేకపోయినా వస్తాయి. ఆమె మంచె మీది నుంచి కిందికి పట్టుకుంటుంది. అప్పుడు స్ప్రింగు తూటాను ఎదురు గడ్డ ఎక్కించినట్టు నెట్టాలి. ఆ తేడా ఆమె చెప్పింది కూడా. నేను వినిపించుకోనట్టు ఉన్నాను.

"చూసినవా అమ్మా, తుపాకిల ఏం లేదు," అన్నాను. "నీ చెయ్యి సగం దాకనే పోతున్నది. లివర్ పూరాగ తొయ్యాలె. గట్టిగ. భయపడుకుంట గుంజితే తూటా మధ్యల్నే ఆగుతది."

బ్యాంకు గార్డు నవ్వి, "అక్కా, గది రోకలి కాదు," అన్నాడు. పసుపు వ్యాపారి కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆమె నవ్వలేదు. బల్ల మీద పడిన ఐదు డమ్మీ తూటాలను కాసేపు చూసింది.

"అయితే నా చెయ్యిదేనా సార్ తప్పు?"

"నీ చెయ్యిదే."

ఆమె రైఫిల్‌ను మళ్లీ చీరలో చుట్టుకొని, లైసెన్సు పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. యజమాని నన్ను చూసి, ఆడవాళ్లకు గీ పని ఎందుకు సార్ అన్నాడు. ఆ రోజు ఇంటికి పోయి మామూలుగానే తిని పడుకున్నాను.

మూడు వారాల తర్వాత సంగతి నాకు ఆర్మూర్ బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌లో తెలిసింది. బాల్కొండ వైపు ఆటో నడిపే ఒకతను పక్క బల్ల దగ్గర చెబుతున్నాడు. ఒక ఆడామె పందిని కాల్చబోయిందట, తుపాకి ఆడించడం రాక తన దగ్గర పనిచేసే ముసలాయన కాలు పోగొట్టిందట. నేను కప్పు కింద పెట్టి, కాలు పూర్తిగా పోయిందా అని అడిగాను. పోలేదని, తొడ చీలిందని, నిజామాబాద్ దవాఖానలో ఉన్నాడని చెప్పాడు. తుపాకికి ఏమైందని నేను అడగలేదు. ఏమైందో నాకు తెలుసు.

జరిగింది తర్వాత అందరి నోటా, ఆమె నోటా వింటే నాకు ఒక వరుసకు వచ్చింది. తెల్లవారే వేళ. ఇంకా పొద్దు పొడవలేదు. ఆమె మంచె మీద ఉంది. ఇరవై ఏళ్లుగా ఆమె పొలంలో పనిచేసే పెద్దమనిషి, ఆమె బాబాయి వరసన కాక అని పిలిచే ఆయన, రేకు డబ్బా కొడుతూ పందులను మక్కలోంచి గట్టు వైపు తరుముతున్నాడు. ఆమె ఐదు తూటాలు నింపుకుంది. మొదటి రెండు గురి తప్పాయి. మూడోది పెద్ద మగపంది భుజానికి తగిలింది. దెబ్బతిన్న పంది పారిపోకుండా రేకు డబ్బా చప్పుడు వైపు తిరిగింది. ఆమె లివర్ తోసింది. నేను చెప్పినట్టే పూర్తిగా, గట్టిగా. నాలుగో తూటా సగం దూరమే వచ్చి లిఫ్టర్‌కూ గొట్టానికీ మధ్య ఇరుక్కుంది. సార్ భయపడొద్దన్నాడు కదా అని ఇంకా గట్టిగా గుంజింది. గుంజేకొద్దీ అది ఇంకా బిగుసుకుపోయింది.

ఆయన పసుపు సాళ్లలో పరుగెత్తుతూ కాలు జారి పడ్డాడు. పంది కోర ఆయన తొడలో దిగింది. ఆమె మంచె దిగి వచ్చి రైఫిల్‌ను తిరగేసి, కర్ర భాగంతో పంది తల మీద కొట్టింది. కర్ర పగిలిపోయేదాకా కొట్టింది. పంది వదిలిపెట్టి మక్కలోకి పోయింది. ఆమె తన చీర కొంగు చించి ఆయన తొడకు కట్టి, పక్క పొలం వాళ్ల ట్రాలీలో రోడ్డు దాకా తీసుకొచ్చింది.

పోలీసులు అడిగినా, అటవీ శాఖ వాళ్లు అడిగినా, ఊరివాళ్లు అడిగినా ఆమె ఒకటే మాట చెప్పిందట. తుపాకి మంచిగనే ఉన్నది, ఆర్మూర్ల సారు చూసిండు, నా చెయ్యే ఆడలే అని.

ఈ మాట నేను విన్న రోజు మా ఇంటామె నా ముందు అన్నం పెట్టి, కలపకుండా కూర్చున్న నన్ను చూసి, ఏమైందని అడిగింది. షుగర్ పెరిగినట్టుంది అన్నాను. ఆమె చక్కెర లేని చాయ్ పెట్టి ఇచ్చింది.

ఆ వారంలోనే రైఫిల్ మా దుకాణానికి వచ్చింది. విచారణ అయ్యేదాకా ఆయుధం లైసెన్సు దుకాణంలో భద్రపరచాలని స్టేషన్ నుంచి కాగితం రాశారు. ఆమె మరిది తెచ్చి అప్పజెప్పి సంతకం పెట్టి పోయాడు. అదే నూలు చీర. విప్పితే, పగిలిన కర్ర మీద ఎండిన నెత్తురు, పంది వెంట్రుకలు. ఇరుక్కున్న తూటాను స్టేషన్‌లో ఎవరో స్క్రూడ్రైవర్‌తో పెకిలించి తీసినట్టున్నారు, లిఫ్టర్ అంచుకు గీతలు పడ్డాయి.

మధ్యాహ్నం యజమాని భోజనానికి పోయినప్పుడు గొట్టం మూత విప్పి స్ప్రింగు బయటికి లాగాను. నేను కత్తిరించిన చివర అలాగే ఉంది. అరగదీసి నున్నగా కూడా చేయలేదు అప్పుడు. వంకరగా, పదునుగా ఉంది. తీగ కూడా ఏళ్లు గడిచి మెత్తబడింది. మళ్లీ పెట్టి, ఐదు డమ్మీలు నింపి, ఈసారి బ్యారెల్‌ను కిందికి పట్టుకొని లివర్ ఆడించాను. మూడు వచ్చాయి. నాలుగోది ఇరుక్కుంది. ఖాళీ చేసి మళ్లీ నింపాను. మూడు వచ్చాయి. నాలుగోది ఇరుక్కుంది. ఆమె చెప్పింది చెప్పినట్టే.

ఆ తర్వాత నేను చేసింది మొదటి తప్పు కంటే పెద్దది. మొదటిది అహంకారంతో చేశాను. రెండోది బాగా ఆలోచించి చేశాను. కొత్త స్ప్రింగు తెప్పించి వేశాను. లిఫ్టర్ గీతలు సాఫు చేశాను. పగిలిన కర్రకు బదులు టేకుతో కొత్తది చేయించి బిగించాను. పాత స్ప్రింగును తుక్కు డబ్బాలో వేయకుండా, ఎవరైనా చూస్తారని, జేబులో వేసుకొని పోయి రోడ్డు పక్క మోరీలో పడేశాను. యజమాని అడిగితే మామూలు సర్వీసింగ్ అన్నాను. తుపాకి బాగైంది కదా, ఇక ఎవరికీ నష్టం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. దవాఖానలో ఉన్న మనిషి లెక్కలోకి రానట్టు.

దీపావళి ముందు విచారణ ముగిసి, ఆయుధం ఆమెకు తిరిగి ఇవ్వొచ్చని కాగితం వచ్చింది. ఆమె తీసుకుపోవడానికి వచ్చింది. చిక్కిపోయింది. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. ఏమైందని అడిగాను. చేతికి బలం రావాలని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేతిపంపు కొడుతున్నదట. ఇంట్లో నల్లా ఉన్నా వాడకట్టు వాళ్లందరి బిందెలు తనే నింపుతున్నదట. ఎక్కువై నరం పట్టుకుందట.

నేను డమ్మీలు నింపి రైఫిల్ ఆమె చేతికి ఇచ్చాను. బ్యారెల్ నేల వైపు పట్టుకోమన్నాను. ఆమె భయపడుతూనే లివర్ తోసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోదానికి ఆగి ఊపిరి తీసుకుంది. నాలుగోది వచ్చింది. ఐదోదీ వచ్చింది. ఆ డమ్మీలను ఒక్కొక్కటే ఏరి మళ్లీ నింపింది. మళ్లీ ఐదూ వచ్చాయి. ఆమె ముఖంలో నవ్వు నేను మొదటిసారి చూశాను.

"చెయ్యి దారికొచ్చింది సార్," అంది. "గిదే బలం అప్పుడుంటే కాకకు గట్ల కాకపోవు."

నేను తల ఊపాను. అవునన్నట్టు ఊపాను.

ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. చేసిన మేలుకు దండం. నేను బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆ రోజు ఇంకే పనీ ముట్టుకోలేదు. ఇంటికి పోయి మా ఇంటామెకు మొత్తం చెప్పాను. స్ప్రింగు కత్తిరించిన దగ్గర నుంచి తల ఊపిన దాకా. ఆమె, నాకు చెప్పి ఏం ఫాయిదా అని మాత్రం అంది.

ఆ ఆదివారం బాల్కొండ బస్సెక్కాను. ఊళ్లో దిగి అడిగితే, ఆమె కాక ఇంటి దగ్గర ఉందన్నారు. చిన్న రేకుల ఇల్లు. గోడకు సిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టు ఆయన భార్య ఉతికిన తెల్ల చీరలో ఉంది. ఆయన మంచం మీద కాలు చాపి కూర్చున్నాడు. తొడ మీద కుట్లు మానాయి గానీ మోకాలు పూర్తిగా వంగడం లేదు. నేను కలవడానికి వచ్చిన ఆమె కింద కూర్చుని ఆయన కాలికి నూనె రాస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి, సారు మనను చూడ వచ్చిండు కాకా అంది. కుర్చీ వేయించింది. నేను కూర్చోలేదు.

ఎలా మొదలుపెట్టాలో బస్సులో చాలా అనుకున్నాను. అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. తప్పు నీ చేతిది కాదమ్మా, స్ప్రింగుది అన్నాను. ఐదేళ్ల కింద మీ ఆయన అడిగితే నేనే కత్తిరించానన్నాను. నువ్వు చెప్పిన రోజే నాకు తెలుసు, నలుగురిలో పరువు పోతుందని నీ మీదికి నెట్టానన్నాను. తర్వాత ఎవరికీ తెలియకుండా మార్చేశాను, మొన్న నువ్వు చెయ్యి దారికొచ్చిందన్నప్పుడు కూడా తల ఊపానన్నాను. చెబుతున్నంతసేపూ ఆమె చేతికి అంటిన నూనెనే చూశాను.

ఆమె చేతులు చీర అంచుకు తుడుచుకుంది. మణికట్టుకున్న గుడ్డ ముడి విప్పి, మడత పెట్టి, మంచం మీద పెట్టింది.

"నేను చెప్పిన గద సార్, ఆఖరి రెండే అని."

"చెప్పినవు."

"కిందికి వట్టుకుంటే అని కూడ చెప్పిన."

"చెప్పినవు అమ్మా."

"నువ్వు నవ్వినవు," అంది. అరవలేదు. ఆమె అరవకపోవడమే నాకు కష్టమైంది. "రెండు నెలల సంది నాకు కంటి మీద కునుకు లేదు. కాక కాలు చూసినప్పుడల్ల నా చెయ్యి నరుక్కోవాలని అనిపిస్తుండె."

కాక ఏమైనా అంటాడేమో అని చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. కాసేపటికి భార్యతో, సారుకు మంచినీళ్లు ఇయ్యి అన్నాడు. ఆ నీళ్లు నేను తాగాను.

క్షమించమని అడిగాను. "నేను ఎవరెవరికి నా చెయ్యిదే తప్పని చెప్పుకున్ననో గా అందరికి నువ్వు చెప్పాలె," అంది ఆమె. అటవీ శాఖ ఆఫీసు వాళ్లు ఆమె అనుమతి ఆపేశారు. ఊరి అభివృద్ధి కమిటీ, ఇక ఆ ఇంటి తుపాకి మరిది చేతిలోనే ఉండాలని తీర్మానించింది. ఆఫీసుకు రాసి ఇస్తానన్నాను. రాయడం కాదు, ముందు కమిటీ ముందల నోటితోని చెప్పమంది. నాకు మళ్లీ భయమేసింది. అరవై దాటిన మనిషిని, తెలియని ఊళ్లో పదిమంది ముందు నిలబడి అదంతా చెప్పాలా అనిపించింది. ఆమె దుకాణంలో నిలబడింది కూడా అలాగే అని గుర్తొచ్చి, సరేనన్నాను.

ఆ సాయంత్రమే కచేరీ అరుగు మీద కమిటీ కూర్చుంది. పదిహేను మంది దాకా మగవాళ్లు. ఆమె ఒక పక్కన నిలబడింది. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మధ్యలో ఎవరైనా తిడతారని, తిడితే బాగుండునని అనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. పెద్దమనిషి ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "మిషినన్నంక ఖరాబ్ కాదా సార్, గీ వయసుల మీరింత ఫికర్ చెయ్యుడు ఎందుకు," అన్నాడు. ఇంకొకాయన చాయ్ తెప్పించాడు. మనిషన్నాక మరుపు సహజం అని ఎవరో అన్నారు.

నాకు అంతకుముందు పడిన సిగ్గు ఒక ఎత్తు, ఆ చాయ్ కప్పు చేతిలోకి వచ్చినప్పుడు పడిన సిగ్గు ఒక ఎత్తు. ఆమె చెయ్యి తప్పిందని రెండు నెలలు చెప్పుకున్నవాళ్లు, ఆమె పొలానికి పోతుంటే వెనక నుంచి మాటలన్నవాళ్లు, నేను నిమిషం నిలబడేసరికి తప్పంతా ఇనుము మీదికి నెట్టేశారు. నాకు అందిన సానుభూతిలో పావు వంతు కూడా ఆమెకు అందలేదు. నేను కప్పు అరుగు మీద పెట్టి, మరుపు కాదు, తెలిసి చెప్పిన అబద్ధం అన్నాను. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

అప్పుడు ఆమె ముందుకు వచ్చి, తుపాకి ఎవరి చేతిల ఉండాలె అని మాత్రం అడిగింది. కాసేపు గుసగుసలాడుకున్నారు. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల చేతిలోనే అన్నారు. ఆమె అక్కడి నుంచి వెళ్లిపోయింది. బస్సు దొరికేదాకా ఆ పెద్దమనిషే నాతో నిలబడ్డాడు, పసుపు ధర గురించి మాట్లాడుతూ.

అటవీ శాఖ ఆఫీసుకు నా సంతకంతో రాసి ఇచ్చాను. యజమానికి కూడా ఆ కాగితం చూపించాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ పని మానేయమనలేదు. నేనే కొన్నాళ్లకు మానేశాను. ఏదైనా తుపాకి బల్ల మీదికి వచ్చి, ఇరుక్కుంటోందని ఎవరైనా చెబితే, ముందు ఆ స్ప్రింగే గుర్తొచ్చేది. ఆమెకు తర్వాతి వానాకాలానికి అనుమతి తిరిగి వచ్చిందని విన్నాను. రైఫిల్ సర్వీసింగ్‌కు ఇప్పుడు హైదరాబాద్ తీసుకుపోతుందట. మార్కెట్ యార్డులో ఒకసారి ఎదురుపడ్డాం. ఆమె పసుపు బస్తాల పక్కన నిలబడి ఉంది. చూసింది. నేను దండం పెట్టాను. ఆమె మళ్లీ బస్తాల వైపు తిరిగింది.

కాకతో మాత్రం రాకపోకలు మిగిలాయి. మోకాలి కోసం ఆయన ఆర్మూర్ దవాఖానకు రావాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తాడు. నేను ముందే పోయి చీటీ రాయించి లైన్లో నిలబడతాను. ఆయన వచ్చి నా చోట నిలబడతాడు. మక్క గురించి, మనవరాలి చదువు గురించి మాట్లాడతాడు. ఆ తెల్లవారుజాము గురించి ఎప్పుడూ మాట్లాడడు.

ఈ మధ్య ఒక కొత్త డాక్టరమ్మ కాలు చూసి, పంది అంత దగ్గరికి ఎట్లా వచ్చింది, కాల్చేవాళ్లు ఎవరూ లేరా అని అడిగింది. గది బయట ఇంకా చాలామంది లైన్లో ఉన్నారు, తలుపు తెరిచే ఉంది. నేను చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. అంతలో ఆయనే, అప్పుడు గట్లయ్యింది డాక్టరమ్మా అని చొక్కా సవరించుకొని లేచాడు. ఆమె మందులు రాసి ఇచ్చింది. నేను చీటీ పట్టుకొని మందుల కిటికీ దగ్గరికి పోయాను. ఆయన నెమ్మదిగా, ఒక్కో మెట్టు దిగుతూ, బయట ఆటోల దగ్గరికి వచ్చాడు.

"గంత మందికి చెప్పే అవుసరం లేదు తియ్యి సార్," అన్నాడు.

నాకు ఊరట కలిగింది. ఆ కలిగిన ఊరటకు మళ్లీ సిగ్గేసింది. ఆయన చెయ్యి పట్టుకొని ఆటో ఎక్కించాను.